సముద్రవాణిజ్యము – సాలెమగ్గము



మన యింటింటను భావనాఋషి కథ చెప్పుకొనుట కలదు. మార్కండేయ మహర్షి కుమారుడైన యా మహనీయుడు తామరతూండ్లనుండి దారము దీసి దేవతలకు వస్త్రములు నేసెననియు, అందువలననే మనకు పద్మశాలులను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. పురాణకథ యటుండనిండు. ఋగ్వేదమునందే పడుగునకు తంతువనియు, పేకకు ఓతువనియు పేళ్లు కలవు. కావున వేదభాష యెంత ప్రాచీనమో మగ్గమును అంత ప్రాచీనమని చెప్పవచ్చును.

ఇంత ప్రాచీనమైన విద్య నేడు క్షీణించుచున్నది. ప్రపంచీకరణమే దీనికి కారణమని కొందఱందురు. దేశములన్నియు ఒక్క అంగడియైనపుడు పాతపనులు పోవుట సహజమనియు, అందుకు వగవనక్కఱలేదనియు మఱికొందఱందురు. ఈ రెండు పక్షములవారును ఒక విషయమును మఱచుచున్నారు. పరదేశవాణిజ్యము మనకు క్రొత్తది కాదు. సుమారు రెండువేల యేండ్లుగా మన బట్ట ఓడలెక్కి పోవుచునేయున్నది. ఆ దీర్ఘకాలములో నెక్కువభాగము ఆ వాణిజ్యమువలన మన మగ్గము బ్రదికెను. తుది మూడువందల యేండ్లలోనే దానివలన నలిగెను. ఒకే సముద్రము, ఒకే వ్యాపారము, ఫలములు మాత్రము వేఱు. ఈ భేదమునకు హేతువేమో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

మోటుపల్లి రేవు

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకుభాషయందు వ్రాయబడిన పెరిప్లస్ అను నౌకాయాత్రా గ్రంథమున మన తీరము మసాలియా యను పేర కన్పట్టుచున్నది. అచట సన్నని వస్త్రములు విస్తారముగా తయారగుచున్నవని గ్రంథకర్త వ్రాసెను. ఈ మసాలియా మచిలీపట్టణ ప్రాంతమేయని చరిత్రకారుల నిర్ణయము.

పిమ్మట చెప్పదగినది మోటుపల్లి. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి యీ రేవునందు ఒక అభయశాసనమును చెక్కించెను. తుపానునకు చిక్కి ఒడ్డునబడిన యోడలలోని సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. ప్రాణమునకంటె ధనమునందు మక్కువగల వర్తకులపై దయదలచి, తానట్లు చేయననియు, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు సుంకము మాత్రమే గైకొందుననియు చక్రవర్తి ప్రకటించెను. ఆ శతాబ్ది తుదిభాగమున మన తీరమునుగూర్చి వ్రాసిన మార్కోపోలో యను వెనీసు యాత్రికుడు ఈ రాజ్యమును ముట్ఫిలి యని పేర్కొని, ఇచటి బట్టలు సాలెపురుగు గూటివలె సన్ననివనియు, వానిని ధరింప నిచ్చగింపని రాజుగాని రాణిగాని లోకమున నుండరనియు కొనియాడెను.

ఇందు గ్రహింపవలసిన విషయములు రెండు. పరదేశి వర్తకునికి అభయమును, వాని సరకునకు నియతమైన సుంకమును కలవు. అనగా వాణిజ్యము ధర్మబద్ధమై యుండెను. ఇక రెండవది, ఓడ యెంత దూరము పోయినను బట్ట నేయు విద్య మాత్రము ఈ తీరమును విడిచి పోలేదు. కొనువాడు మరల రావలసినదే.

మచిలీబందరు అద్దకము

పదునాఱు, పదునేడు శతాబ్దులలో గోలకొండ సుల్తానుల యేలుబడిలో మచిలీబందరు మహోన్నతదశ ననుభవించెను. పారసీక వర్తకు లిచట కాపురముండిరి. కలముతో చేయు పనియని యర్థమిచ్చు కలంకారీ శబ్దము వారి భాషనుండి వచ్చినదే. బట్టను కరకకాయ కషాయమునను పాలయందును నానబెట్టుట, పటికతో అచ్చువేయుట, చిరివేరుతో ఎఱుపును నీలిమందుతో నీలమును పట్టించుట, ఏటినీట ఉతికి యెండవేయుట అను వరుస తప్పని క్రియలతో పూర్తియగు ఆ పని యొక్కనిది కాదు. నేయువారు మనవారు, అద్దువారు వేఱొకరు, ఉతుకువారు మఱొకరు. పెక్కు కులముల చేతులు కూడిననే యొక బట్ట తయారయ్యెడిది. కృష్ణాముఖమునందలి యిసుకనేలలలో పెరిగిన చిరివేరు ఎఱుపునకు ప్రసిద్ధి కెక్కెను.

డచ్చివారు 1605–06 ప్రాంతమునను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను మచిలీబందరున వర్తకస్థానములు నెలకొల్పిరి. వారు తొలుత మన బట్టలకొఱకే వచ్చిరని యెంచుట సరికాదు. తూర్పుదీవులలోని లవంగములు, జాజికాయలు వారికి కావలెను. ఆ దీవులవారు ఇచ్ఛగించినది కోరమండల తీరపు వస్త్రము. బట్ట యిచ్చి సుగంధద్రవ్యములు కొనుటయే వారికి లాభకరమైన మార్గమాయెను. ఈ విధముగా మన సాలెల పడుగుపేకలపై ఒక మహాసముద్రపు వర్తకము ఆధారపడెను.

ఈ సంపర్కమువలన మన కళ చెడెనా? చెడలేదు. తూర్పుదీవులకు పోవు బట్టపై ఆ దీవుల నమూనాలును, పారసీకమునకు పోవు బట్టపై దేవదారువృక్షములును, ఐరోపాకు పోవు బట్టపై పూలకొమ్మల మహావృక్షమును మనవారు వేసిరి. పదునేడవ శతాబ్ది మధ్యమున కుంఫిణీవారు ఎఱ్ఱనేలకు బదులు తెల్లనేల కావలెనని కోరగా, తెల్లనేలపై రంగులు నిలుపుటయు మనవారు సాధించిరి. చీనాదేశపు పువ్వు, పారసీకపు తీగ, ఆంగ్లేయుల నమూనా, ఈ మూడును మన అద్దకమువాని కలమున బడి మూడింటను లేని నాలుగవ యందము నొందెను. పరాయి నమూనా వచ్చినంతమాత్రమున సంప్రదాయము నశింపదు. నమూనాను మార్చి తనదిగా చేసికొను అధికారము పనివాని చేతియందున్నంతకాలము అది వృద్ధియే పొందును.

ఆ కాలమున సాలెవాడు మేడలు కట్టెనని మాత్రము చెప్పరాదు. వర్తకుని యొద్ద బయానా గైకొని, గడువునకు బట్ట యప్పగించి, ధాన్యపు వెల పెరిగినపుడు ఆకలికి లోనగుచుండెను. లాభములోని సింహభాగము మధ్యవర్తులది. అయినను అతని విద్య అతనియొద్దనే యుండెను. ఆ విద్యకొఱకు మూడు దేశముల వర్తకులు పోటీపడుచుండుటచేత, ఒకడు తక్కువ ధర చెప్పినచో వేఱొకనియొద్దకు పోవు వీలు కొంత కలిగియుండెను.

విద్య తరలిపోవుట

మన బట్టలు తమ దేశములను ముంచెత్తుటచూచి ఐరోపాలోని ఉన్నినేతగాండ్రును పట్టునేతగాండ్రును గగ్గోలు పెట్టిరి. 1686లో ఫ్రాన్సు రాజ్యము అద్దకపు బట్టలను నిషేధించెను. ఇంగ్లండున 1701లో అమలునకు వచ్చిన చట్టమువలన హిందూదేశపు అద్దకపు బట్టలను ధరించుట నిషిద్ధమాయెను. 1721నాటి చట్టము ఆ నిషేధమును మఱింత బిగించెను. స్వేచ్ఛావాణిజ్యమును లోకమునకు బోధించిన దేశములు తమ పనివారిని ముందుగా గోడకట్టి కాపాడుకొన్నవని దీనివలన తెలియుచున్నది.

ఆ గోడచాటున వారు మన విద్యను నేర్చికొనిరి. కేర్దూ యను ఫ్రెంచి పాదిరి కథ యిచట చెప్పదగినది. ఈయన గొప్ప పండితుడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో నిఘంటువును కూర్చెను. సంస్కృతమునకును లాటిను గ్రీకు భాషలకును గల చుట్టఱికమును సర్ విలియమ్ జోన్సుకంటె ముందే గుర్తించి స్వదేశమునకు వ్రాసెను. సంస్కృతము చదివినవారెల్లరును ఆయనకు ఋణపడియున్నారు. ఆ కేర్దూ పండితుడే 1742లో, తన మతమున గలిసిన పనివారియొద్ద అడిగి తెలిసికొని, బట్టలకు రంగులద్దు క్రమమంతయు పూసగ్రుచ్చినట్లు ఒక లేఖయందు వ్రాసి ఫ్రాన్సునకు పంపెను. ఆ లేఖ ముద్రింపబడెను. భాషావిద్య పంచుకొన్నంతమాత్రమున తఱుగదు. వృత్తివిద్య యట్టిది కాదు. అది మనుగడకు మూలధనము. చెప్పినవానికి ప్రతిఫలము లేక పరులపాలైన మూలధనము మరల రాలేదు. ఫ్రాన్సున 1759లో నిషేధము తొలగెను. మఱుసటి సంవత్సరమే ఓబర్కాంఫ్ అను నతడు జూయీ గ్రామమున అద్దకపు కార్ఖానా స్థాపించెను. అట్టి బట్టలకు ఫ్రెంచివారు పెట్టిన పేరు హిందూదేశపువని యర్థమిచ్చు అందియెన్.

ఇంగ్లండున యంత్రము లొకదానివెంట నొకటి పుట్టెను. 1733లో జాన్ కే విసరునాడెను, 1764 ప్రాంతమున హార్గ్రీవ్సు పెక్కు కదుళ్ల రాట్నమును, 1769లో ఆర్క్‌రైటు నీటిశక్తితో వడకు యంత్రమును, 1785లో కార్ట్‌రైటు మరమగ్గమును, 1783లో థామస్ బెల్ అద్దకపు రోలరును కల్పించిరి. యంత్రమును కల్పించుట పాపము కాదు. అయితే ఆ యంత్రపు సరకు మన రేవులలో అల్పమైన సుంకముతో దిగుచుండగా, మన బట్టకు ఆ దేశపు రేవులలో భారీ సుంకము విధింపబడెను. ఇచట మగ్గముపై మొతర్ఫా యను పన్ను పందొమ్మిదవ శతాబ్ది మధ్యమువఱకును వసూలగుచునే యుండెను. గణపతిదేవుని ముప్పదింట నొక పాలు ధర్మమునకును ఈ రీతికిని ఎంత యంతరమో చూడుడు.

ఒక్క యుదాహరణము చాలును. నరసాపురము చెంత మాధవాయపాలెమను గ్రామము కలదు. అచట ఆంగ్లేయులకు వర్తకస్థానముండెను. అచటినుండి పోవు మెత్తని తెల్లబట్టకు మడపొల్లమని వారి నోట పేరుపడెను. పిమ్మట ఆ బట్టను ఇంగ్లండు మిల్లులు నేయజొచ్చినవి. పేరు మాత్రము మారలేదు. మడపొల్లమను శబ్దము నేటికిని ఆంగ్ల నిఘంటువులలో నొక బట్టకు నామమై నిలిచియున్నది. ఊరిపేరు లోకమంతటను తిరుగుచున్నది. ఆ యూరి మగ్గములకు మాత్రము దానివలన కూడు లేకపోయెను. విద్య పోయి పేరు మిగులుట యనగా నిదియే.

ఒడ్డున కావలి ఒడ్డున

ఇట్టి గతి మనకొక్కరికే పట్టలేదు. మన బట్ట పోయిన దారినే పోయి చూచిన నీ విషయము తెలియును. కోరమండల వస్త్రముల రాక తగ్గిన పిదప జావాద్వీపమున మైనముతో రంగులద్దు బాతిక్ విద్య మిక్కిలి వృద్ధిపొందెను. దానిని చూచి హాలండునందలి కార్ఖానాలు యంత్రముతో బాతికును అనుకరింప దొడగెను. వానిలో ప్రసిద్ధమైనది 1846లో హెల్మండు పట్టణమున స్థాపితమైనది. జావావారు ఆ బట్టను అంతగా మెచ్చకపోవుటచేత, అది పశ్చిమాఫ్రికాకు పోయి అచట ఆదరమును పొందెను. నేడు అదే అంగళ్లలో ఆ హాలండు బట్టకు చీనా కార్ఖానాల అనుకరణములు చవుకగా అమ్ముడుపోవుచున్నవి. అనుకరించినవారినే మఱియొకరు అనుకరించిరి. యంత్రానుకరణమునకు తుది లేదు. నేటి విజేత రేపటి బాధితుడు.

దీనికి విపర్యయముగా నింకొక దృష్టాంతము కలదు. నైజీరియా దేశమున నైజరు నదీముఖమునందు కలబరి యను జాతివారు కలరు. మద్రాసు రుమాలను గళ్లబట్ట వారికి ఓడలపై చేరెడిది. ఆ గళ్లలోని కొన్ని నూలుపోగులను సూక్ష్మముగా కోసి లాగివేసి, మిగిలిన పోగులతో తమ సంప్రదాయమునకు దగిన క్రొత్త రూపములను వారి స్త్రీలు దేల్తురు. అట్లు చేసిన బట్ట వారి శుభాశుభకార్యములందు గౌరవవస్త్రము. మన మగ్గమున పుట్టిన బట్ట వారి చేతిలో రెండవ జన్మ మెత్తెను. ఇచ్చినవారికి జీవనము, పుచ్చుకొన్నవారికి సంస్కారము. వాణిజ్యము రెండు సంప్రదాయములను పోషింపగలదనుటకు ఇది ప్రమాణము.

మిగిలిన మగ్గములు

ఇంత జరిగినను మన మగ్గము పూర్తిగా చావలేదు. దానికి కారణము మన యాడువారు. అంచును కొంగును కలిగిన చీర, ఒక్కొక్క సీమకు ఒక్కొక్క తీరుననుండు చీర, మిల్లుబట్టకు లొంగలేదు. పెండ్లికి మధుపర్కములు మగ్గముపైనివే కావలెనను పట్టుదలయు కొంత కాపాడెను. అయితే సాలెవాడు బ్రదికినను స్వతంత్రుడై బ్రదుకలేదు. మొదట నూలు అతని చేయిదాటెను. ఇంటిరాట్నము మూలబడి మిల్లునూలు వచ్చెను. పిదప రంగు చేయిదాటెను. జర్మనీలో 1868–69లో కృత్రిమముగా చేయబడిన ఎఱుపురంగు మన చిరివేరును, 1897లో విపణికి వచ్చిన కృత్రిమ నీలిమందు మన నీలితొట్లను ఊడ్చివేసినవి. తుదకు అంగడి చేయిదాటెను. బట్టకు వెలకట్టువాడు షావుకారాయెను. నూలు, రంగు, అంగడి అను మూడును పరాధీనములై, చేతినేర్పు మాత్రమే స్వాధీనమై మిగిలెను.

ఆ మిగిలిన నేర్పుతోనే మనవారు చేసిన ఘనకార్యములు కలవు. చీరాలలో నూలును నూనెతోను ఆముదపుకాయల బూడిదతోను పదనుచేసి నేసిన తేలియా రుమాళ్లు అరబ్బుదేశములకు ఎగుమతియయ్యెను. ఆ చిట్కివిద్య పిదప పోచంపల్లి, పుట్టపాక మున్నగు తెలంగాణ గ్రామములలో వేళ్లూని వృద్ధిపొందెను. 1905 ఆగష్టు 7న కలకత్తాలో స్వదేశివ్రతము ప్రకటింపబడెను. ఆ దినమే 2015 మొదలు జాతీయ చేనేతదినముగా నెన్నబడుచున్నది. గాంధీమహాత్ముని ఉద్యమమువలన రాట్నమునకు మరల గౌరవము కలిగెను. పొందూరు సన్ననూలు ఖ్యాతి అప్పుడు దేశమంతట వ్యాపించెను. ప్రగడ కోటయ్యగారు కోస్తాజిల్లాలలోను, కొండా లక్ష్మణ్ బాపూజీగారు తెలంగాణమునను నేతగాండ్రను కూడగట్టి సహకారసంఘములను నిలిపిరి. సహకారసంఘము చేయదలచినది ఒక్కటే: చేయిదాటిన నూలును అంగడిని మరల సాలెవాని చేతికి దెచ్చుట. అది సాగినచోట మగ్గము నిలిచినది. సంఘము కక్షలపాలైనచోట మగ్గము నేల కూలినది.

అంచుచీర మొదలగు 22 విధముల వస్త్రములను చేమగ్గమునకే ప్రత్యేకించుచు 1985లో కేంద్రప్రభుత్వము చట్టము చేసెను. పిదప ఆ పట్టిక 11 విధములకు కుదింపబడెను.

నేటి స్థితి

1991లో మన దేశము ఆర్థికవిధానమును మార్చి పరదేశవాణిజ్యమునకు వాకిళ్లు తెఱచెను. 2005 జనవరి 1న లోకమందలి వస్త్రవాణిజ్యమునకుండిన పరిమితులు తొలగింపబడెను. పత్తియు నూలును లోకపు ధరలననుసరించి పెరుగుచుండ, నేత కూలి మాత్రము ఊరిధరననుసరించి నిలిచిపోవుట నేతగాని ముఖ్యమైన కష్టము. ఇక రెండవ కష్టము అనుకరణము. నెలలు శ్రమించి చిట్కికట్టి రంగులద్ది నేసిన పోచంపల్లి రూపమును మరయంత్రము గంటలలో అచ్చుగ్రుద్ది, పోచంపల్లి యను పేరుతోనే నాలుగవవంతు వెలకు అమ్ముచున్నది. మడపొల్లము కథ మరల మన కన్నులయెదుట జరుగుచున్నది.

కేంద్రప్రభుత్వమువారి చేనేత గణనములను బట్టి చూడగా, దేశమున నేతపనివారును అనుబంధపనివారును కలిసి 1987–88లో 67.39 లక్షలు, 1995–96లో 65.51 లక్షలు, 2009–10లో 43.31 లక్షలు, 2019–20లో 35.22 లక్షలు. ముప్పదిరెండేండ్లలో సుమారు సగము చేతులు మగ్గమును విడిచినవి. ఆ చేతులెచటికి పోయినవో మనకు తెలియనిది కాదు. తెలంగాణమునుండి మనవారు షోలాపురమునకు, భివండికి, సూరతుకు పోయి మరమగ్గములయొద్ద కూలిచేసి, క్రమముగా కొందఱు యజమానులైరి. చదువుకొన్న పిల్లలు సముద్రములు దాటిరి. ఇది మనకు గర్వకారణమే. గుంటమగ్గమున కాళ్లు పెట్టుకొని కూర్చుండి కన్నులు పోగొట్టుకొనిన తాతతండ్రుల కష్టము తమ బిడ్డలకు వలదని యెంచుట తప్పు కాదు. పుట్టుకచేత ఎవనినైనను మగ్గమునకు కట్టివేయవలెనని నేను చెప్పను. అట్టి ధర్మము లేదు.

అయినను మగ్గముతో పోవునది కూలి యొక్కటే కాదు. తరగతిలో నొకమాఱు పేక యన నేమని యడుగగా, మన కులపు బాలురే పేకముక్కలని చెప్పిరి. పడుగు, పేక, ఆసు, కండె, నాడె, అచ్చు అను మాటలు నిఘంటువులోనికి వెడలిపోవుచున్నవి. ఏ రంగు ఏ నీటిలో ఎంతసేపు కాచవలెనో, ఏ ఋతువున గంజి యెంత పలుచన కావలెనో తెలిసినవారు వృద్ధులగుచున్నారు. వ్రాసియుంచిన గ్రంథము లేదు. ఒక వృద్ధుడు గతించినపుడెల్ల ఒక గ్రంథాలయము తగులబడినట్లే. పరదేశి పాదిరి యొకడు మన పనివారి విద్యను రెండువందల యెనుబదేండ్లకు పూర్వము శ్రద్ధతో వ్రాసికొనెను. ఆ శ్రద్ధలో పదవవంతైనను మన సంఘములకు కలుగలేదే!

యంత్రము మనకు శత్రువు కాదనుటకును మనలోనే ప్రమాణము కలదు. ఆసుపోయుట యనగా నొక్క చీరకు వేలకొలది మాఱులు చేయి చాచి మడచుట. తల్లి లక్ష్మి ఆ పనిచేత పడుచుండిన భుజబాధ చూడజాలక చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరు పెట్టిరి. గంటలకొలది పని గంటన్నరలో ముగియుచున్నది. నేత నేతగానే నిలిచినది. నడుము విఱుగుట మాత్రము తగ్గినది. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. మాంచెస్టరు యంత్రము నేతగాని స్థానమున కూర్చుండెను. ఈ యంత్రము నేతగాని ప్రక్కన కూర్చుండినది. ఏ యంత్రమును ఆహ్వానింపవలెనో ఏ యంత్రమును నిరోధింపవలెనో తెలిసికొనుటకు ఈ భేదమే గీటురాయి.

కర్తవ్యము

చరిత్రవలన తేలిన సారమిది. పరదేశముతోడి రాకపోకలు సంప్రదాయమును చంపవు. విద్యయు, ముడిసరకును, వెలచెప్పు నధికారమును పనివాని చేతనుండి తొలగినపుడే సంప్రదాయము చచ్చును. ఓడలను ఆపుట మనవశము కాదు. ఆపవలసిన పనియు లేదు. చేయిదాటినవానిని ఎన్నింటిని తిరిగి తెచ్చుకొందుమనునదే ప్రశ్న. అందుకు మహాసభవారికి మూడు మనవులు చేసికొనుచున్నాను.

మొదటిది విద్యారక్షణము. ప్రతి పట్టణసంఘమును తమ పరిసరములందలి వృద్ధ నేతగాండ్రను కలిసి, వారి పరిభాషను, రంగుల కొలతలను, అంచుల పేళ్లను, చిట్కి గీతలను వారి పేళ్లతో సహా వ్రాయించి, చిత్రపటములతో భద్రపఱుపవలెను. వ్రాయించినదానిపై హక్కు చెప్పినవారిదై యుండవలెను. పోచంపల్లి ఇక్కత్తునకును, శ్రీకాళహస్తి మచిలీపట్టణముల కలంకారీకిని భౌగోళికచిహ్న చట్టముక్రింద రక్షణము లభించినది. రక్షణపత్రము గోడకు వ్రేలాడదీసినంత మాత్రమున అనుకరణము నిలువదు. ఆ పేరుతో మోసపు సరకు అమ్మువారిపై వ్యవహారము నడుపుటకు పేదనేతగానికి శక్తి చాలదు. కులమున న్యాయవాదులు కొల్లలుగా నున్నారు. ఆ భారము వారు వహింపవలెను.

రెండవది కొనుగోలు. మన పెండ్లిపందిళ్లలో భావనాఋషి పటమునకు పూలమాల వేసి, ఆ పటమునెదుట మరమగ్గపు చీరలు పంచిపెట్టుచున్నాము. ఇది చూచి మహర్షి సంతసించునా? చేనేతబట్టకు 2006 నుండి ప్రభుత్వపు చేనేతముద్ర కలదు. కులమున జరుగు ప్రతి వివాహమునందును వధూవరుల బట్టలును, మర్యాదకు పంచు బట్టలలో కొన్నియైనను ఆ ముద్రను చూచి, వీలైనచో నేసిన యింటికే పోయి, కొనవలెనని ఈ సభ తీర్మానింపవలెను. పరదేశములందు స్థిరపడిన మన బిడ్డలు సంవత్సరమునకు నాలుగు బట్టలు నేరుగా నేతగాని యొద్ద తెప్పించుకొన్నచో, ఏ ప్రపంచీకరణము మనవారిని చెదరగొట్టెనో దానిచేతనే మగ్గమునకు కూడు పెట్టించినవారగుదురు.

మూడవది వేతనము. సంఘము ఏటేట వైద్య సాంకేతిక విద్యార్థులకు విద్యార్థివేతనము లిచ్చుచున్నది. మిక్కిలి మెచ్చదగిన పని. ఆ నిధిలోనుండి కొంతభాగము నేతయందు, రంగులయందు, నమూనాలయందు శిక్షణ పొందగోరు యువకులకును యువతులకును కేటాయింపవలెను. అట్టివారు ఏ కులమున పుట్టినను సరియే. విద్యకు కులము లేదు. నేర్చినవాడే దానికి వారసుడు. మగ్గమున కూర్చుండువానికి కుర్చీలో కూర్చుండువానితో సమానమైన గౌరవమును, కడుపునిండు కూలియు లభించిననాడు ఎవరును బలవంతపెట్టనక్కఱలేకయే కొందఱైనను దానిని వరింతురు.

బట్ట యొకటి నిలుచుటకు పడుగు బిగువుగా నుండవలెను, పేక అటునిటు తిరుగుచుండవలెను. తిరుగు పేక లేని పడుగు దారపు మోపు. నిలుచు పడుగు లేని పేక చిక్కు. లోకముతోడి రాకపోకలు మనకు పేకవంటివి, పెద్దలిచ్చిన విద్య పడుగువంటిది. మూడువందల యేండ్లుగా మన పడుగునందలి పోగు లొక్కటొక్కటిగా తెగుచుండగా చూచుచుంటిమి. తెగిన పోగును ముడివేయుట సాలెవానికి ఎవ్వరును నేర్పనక్కఱలేదు. ఈ మహాసభ ఆ ముడివేయు సంకల్పమును పూనుగాక!

స్వస్త్యస్తు.